వీసం తక్కువ రెండు

నలభై దాటాక కన్యాకుమారికి ఒక అలవాటు వచ్చింది. బస్సులో సీటు దొరకగానే కళ్ళు మూసుకునేది. నిద్ర వచ్చి కాదు, ఎవరైనా పలకరిస్తారన్న భయంతో. పలకరించిన వాళ్ళు మొదట "బాగున్నారా మేడమ్?" అంటారు, వెంటనే "పీహెచ్‌డీ అయిపోనాదా?" అంటారు. శ్రీకాకుళంలో ఆమెను ఆ మాట అడగనిది హైవే పక్కనున్న మైలురాళ్ళు మాత్రమే.

పొద్దున్న వంటిల్లు. ఆ తర్వాత ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు. మధ్యాహ్నం క్లాసులు లేని రోజున హైవే మీద బస్సు పట్టుకుని విశ్వవిద్యాలయం. సాయంత్రం మళ్ళీ వంటిల్లు. దీన్ని పార్ట్‌టైం పరిశోధన అంటారు. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ ఇంట్లో వంట చేసి ఎరగడు. ఆమె బతుకులో పార్ట్‌టైంగా జరిగేది నిద్ర ఒక్కటే.

మొదట్లో డాక్టరేటు కావాలనుకుంది. పేరు ముందు ఆ రెండక్షరాలు రాసుకుని చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. గడువు ఒకసారి పొడిగించారు, మరోసారి పొడిగించారు, చివరికి రెండువేల పద్దెనిమిది డిసెంబరు దాటితే ఇక లేదన్నారు. అప్పటికి ఆమెకు డాక్టరేటు అక్కర్లేకుండా పోయింది. ఇది అయిపోతే చాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఏ బెంగా లేకుండా పడుకుంటే చాలు అనిపించేది.

అత్తవారిది మార్కెట్టు వీధిలో కిరాణా హోల్‌సేలు కొట్టు. మావగారు నగరేశ్వరరావు డెబ్భై దాటినా గల్లాపెట్టె వదలలేదు. భర్త ఉపేంద్ర సరుకు రావడం, పోవడం చూసుకునేవాడు. ఇంటి కోడలు కొట్లో కూర్చుని చిట్టీలు రాస్తే నాలుగు రాళ్ళు మిగులుతాయి గానీ, ఊళ్ళు తిరిగి మసి పోగుచేస్తుందేమిటని చుట్టాలు మూతులు తిప్పేవారు. చదువుతానని ఆమె మొదట అడిగిన రోజున ఉపేంద్ర "సూద్దాంలే" అన్నాడు. ఆ "సూద్దాంలే"కి అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. గల్లాపెట్టె దగ్గర్నించి ముసలాయనే తలెత్తి, "సూసేదేటిరా, సదూకోనీ. మనింట్లో సదివినోళ్ళు ఎవులున్నారు గనక!" అన్నాడు. అంతే, ఆ మాటకి తిరుగు లేకపోయింది.

ఆమె చదివేది నిజంగానే మసి. పలాస వైపు జీడిగింజలు కాల్చే షెడ్లుంటాయి. పాతకాలం ఇనుప డ్రమ్ములో గింజలు పోసి నిప్పు మీద తిప్పుతుంటే తొక్కలోని నూనె అంటుకుని, ఆకాశం నల్లబడేంత పొగ వస్తుంది. ఆ పొగలో మసి రేణువులు విడివిడిగా ఉండవు. కంటికి కనపడని గుండ్రటి పూసలు ఒకదానికొకటి అంటుకుని, కొమ్మలై, ఆ కొమ్మలకి మళ్ళీ రెమ్మలై, పళ్ళు తెంపేసిన ద్రాక్షగుత్తిలా తయారవుతాయి. ఆ గుత్తి ఎంత విచ్చుకుని ఉంది, ఎంత ముడుచుకుని ఉంది అని చెప్పడానికి ఒక అంకె ఉంది. దాన్ని ఫ్రాక్టల్ డైమెన్షన్ అంటారు. విచ్చుకున్న మసి గాలిలో ఎక్కువ సేపు తేలుతుంది. ముడుచుకున్నది తొందరగా కింద పడుతుంది. ఎవరి గుండెల్లోకి ఎంత పోతుందో లెక్క కట్టాలన్నా ముందు ఆ అంకె కావాలి.

ఒకనాడు కొట్లో గిరాకీ లేని వేళ మావగారు అడిగాడు. "నువ్వు కొలిసేదేటో నాకూ సెప్పమ్మా. నలుగురూ అడుగుతున్నారు, మసి అని సెప్పనేక సస్తన్నాను."

కన్యాకుమారి చిట్టీ కాగితం తిరగేసి పెన్ను తీసుకుంది. "గీతకి పొడుగొక్కటే మావయ్యా. దాని డైమెన్షన్ ఒకటి. కాగితానికి పొడుగూ వెడల్పూ, అంటే రెండు. మసిబొమ్మ మీద గళ్ళు గీసి, మసి తగిలిన గళ్ళు లెక్కపెడతాను. గడిని సగం చేసి మళ్ళీ లెక్కపెడతాను. గీతయితే లెక్క రెట్టింపవుతుంది. నిండు ముద్దయితే నాలుగింతలవుతుంది. మసి గుత్తి అటు గీతా కాదు, ఇటు ముద్దా కాదు. మధ్యలో ఉంటుంది."

"మజ్జిలో అంటే?"

"మామూలుగా ఒకటీ ముప్పావు."

ముసలాయన మొహం విప్పారింది. పావులూ ముప్పావులూ వీసాలూ ఆయన పుట్టిన ఇంట్లో పెరిగిన పిల్లలు. "అలగ సెప్పు! ఇన్నాళ్ళూ ఏటో అనుకున్నాను. గీత కన్నా ఎక్కువ, ముద్ద కన్నా తక్కువ. ఒకటీ ముప్పావు." ఆ సాయంత్రం నుంచి కొట్టుకొచ్చిన ప్రతి వర్తకుడికీ ఆ ముక్క చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆమె చదువును ఇష్టంగా విన్నవాడు ఆయనొక్కడే. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

ఆ ఏడాది వేసవిలోనూ, వానలు తెరిపిచ్చిన రోజుల్లోనూ ఒక పాత షెడ్డు చుట్టూ తిరిగి మసి పట్టింది. చిన్న పంపుతో పొగని ఫిల్టరు కాగితపు బిళ్ళల మీదకి లాగడం, ఒక్కో బిళ్ళని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టడం. ఆ డబ్బీలు దాచుకోడానికి మావగారు కొట్లోంచి బిస్కట్ల రేకు డబ్బా ఇచ్చాడు. షెడ్డులో గింజలు కొట్టే గున్నమ్మ, జీడినూనెకి నల్లబడిన వేళ్ళతో చెమట తుడుచుకుంటూ చూసేది. "ఒలమ్మ, మేం దగ్గలేక సత్తంటే నువ్వు దీన్ని డబ్బీల్లో దాసుకుంతన్నావేటి?" అని నవ్వేది. నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చేది.

అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. కన్యాకుమారి డబ్బా ఉండేది మేడ మీది రేకుల గదిలో. గాలి పెరుగుతుందనగానే ఉపేంద్ర ఆ డబ్బాని పట్టుకెళ్ళి కొట్టు అటక మీద పెట్టాడు. "కదపకండి, వంచకండి" అని ఆమె వెనకనించి అరిచింది. పట్టణానికి పెద్ద దెబ్బ తగల్లేదు. పలాస వైపు మాత్రం చెట్టన్నది నిలబడలేదు. చుట్టుపక్కల షెడ్లతో పాటు ఆమె మసి పట్టిన షెడ్డు పైకప్పూ ఎగిరిపోయింది. కొబ్బరిచెట్టు మీద పడి డ్రమ్ము అప్పడమైంది. ఇక డ్రమ్ము జోలికి పోను, ఆవిరి బాయిలరు పెట్టుకుంటాను అన్నాడు యజమాని. గున్నమ్మ లాంటి వాళ్ళకి అది మంచిదే. కన్యాకుమారికి మాత్రం ఆ పొగ ఇక ఈ జన్మకి లేదనిపించింది. డబ్బాలో ఉన్నదే ఉన్నది.

వారం తిరిగేసరికి దసరా. పండుగ వంటలయ్యాక డబ్బా ఇంటికొచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని విశాఖపట్నం వెళ్ళి, ముందే రాయించుకున్న వంతులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టించి బొమ్మలు తీయించుకుంది. తెర మీద బొమ్మ పడింది. ద్రాక్షగుత్తులు లేవు. అన్నీ ముద్దలు. కొమ్మలన్నీ లోపలికి ముడుచుకుని, పిడికిలి బిగించినట్టున్నాయి. బిళ్ళల మీద అక్కడక్కడా లేత పసుపు మరకలున్నాయి. మరక ఉన్నచోట ముద్దలు, లేనిచోట కొన్ని మామూలు గుత్తులు. జీడినూనె మరకలు కాబోలు అనుకుంది. నూనె పట్టని బొమ్మలు పనికిరావులే అని పక్కన పెట్టేసింది.

గళ్ళు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తప్పు తనదే అయుంటుందని, కళ్ళు మండుతున్నా మొదట్నుంచీ చేసింది. ఎన్నిసార్లు చేసినా ఒకటే అంకె, రెండుకి ఇంచుమించు. ముసలాయన లెక్కలో చెప్పాలంటే వీసం తక్కువ రెండు, అంటే రెండుకి పదహారో వంతు తక్కువ.

బొమ్మలు చూసి ఆమె గైడు విజయ్‌కుమార్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం ఇన్నేళ్ళలో ఆమె చూడలేదు. "జీడినూనె మసిని ముడిచేస్తోందన్నమాట! ఇది ఎవరూ చెప్పలేదమ్మా. వెంటనే రాసెయ్యి. డిసెంబరు లోపల థీసిస్ ఇచ్చేద్దాం." వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. బస్సులో ఆ రోజు ఆమె కళ్ళు మూసుకోలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని చుట్టూ చూసింది కూడా. తీరా ఎవరూ అడగలేదు.

నేరుగా కొట్టుకి వెళ్ళింది. "మావయ్యా, అంకె వచ్చింది. ఒకటీ ముప్పావు కాదు, వీసం తక్కువ రెండు. కొత్త సంగతట. సారు లేచి నిలబడ్డారు."

నగరేశ్వరరావు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "రాదా మరి! ఊరకనే వచ్చినాదనుకున్నావా? దసరానాడు కాటాకీ గల్లాపెట్టెకీ పూజ సేసినప్పుడు, నీ డబ్బాకీ సేసినాను. ఎవరి పనిముట్టుకి వాళ్ళు మొక్కాల. నీ పనిముట్టు అదే గదా."

ఆమెకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థం కావడం మొదలైంది.

"నీళ్ళు... నీళ్ళు చల్లారా మావయ్యా?"

"సల్లకండా పూజేటమ్మా! పసుపు నీళ్ళు, మామిడాకుతో. మూతలన్నీ తీసి మరీ సల్లినాను. మూత మీద సల్లితే డబ్బీకి పూజవతాది గానీ, నీ మసికి అవదు గదా? ఆరినాక మళ్ళీ జాగర్తగా ఎక్కడివక్కడ మూసీసినాను."

మసిగుత్తి మీద నీటిచుక్క పడి ఆరితే, ఆరుతూ ఆరుతూ కొమ్మల్ని లోపలికి లాగేసుకుంటుంది. అది ఆమె క్లాసులో చెప్పగల సంగతే. ఆ పసుపు మరకలు జీడినూనె కాదు, పసుపే. రోజూ కూరల్లో వేసే పసుపుని విశాఖపట్నంలో మైక్రోస్కోపు కింద పెట్టి పోల్చుకోలేకపోయింది. నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ మింగేసి, "మంచి పని చేశారు మావయ్యా" అంది. ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి, ఉడుకుతున్నంతసేపూ అక్కడే నిలబడింది.

కోపం రాలేదని కాదు. వచ్చింది. అయితే ఎవరి మీద చూపించుకోవాలి? ఆమె చదువుని పనిముట్టుగా లెక్కేసి, కాటా పక్కన కూర్చోబెట్టి మొక్కిన మనిషి మీదా? లోకంలో ఆ పని ఇంకెవరు చేశారు గనక!

అసలు బాధ అది కూడా కాదు. నోరు మూసుకుంటే అయిపోతుంది. గైడుకి తెలియదు, పరీక్షకులకి తెలియదు, డిసెంబరుకి డాక్టరేటు వస్తుంది, ఆదివారం పడుకోవచ్చు. ఆ ఆదివారం ఎంత దగ్గరగా కనిపించిందంటే, ఆమె దాన్నే తలుచుకుంటూ కొన్నాళ్ళు కక్కలేక మింగలేక తిరిగింది. క్లాసులో పిల్లలకి కొలతల్లో వచ్చే తప్పుల పాఠం చెప్పాల్సి వచ్చింది. చెప్పిందే గానీ బోర్డు వైపు తిరిగే చెప్పింది, పిల్లల వైపు తిరగలేకపోయింది. ఆ మర్నాడు విశ్వవిద్యాలయం బస్సెక్కింది.

విజయ్‌కుమార్ గారు అంతా విన్నారు. "నూనె కూడా కారణం అయ్యుండొచ్చు కదమ్మా?" అన్నారు మెల్లిగా. అందులో మోసం లేదు, ఆశ ఉంది. ఆయనకీ రిటైర్మెంటు దగ్గరపడుతోంది.

"మరక లేని చోట తీసిన బొమ్మలు పక్కన పెట్టాను సార్. అవీ లెక్కపెట్టాను. అక్కడ ఒకటీ ముప్పావే."

ఈసారి ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఆ మరక లేని బొమ్మలతోనే రాద్దాం. పిండి కొద్దీ రొట్టె" అన్నారు.

రొట్టె చిన్నదే అయింది. డిసెంబరులో వెళ్ళిన థీసిస్ వేసవిలో తిరిగొచ్చింది. చెప్పింది సరే గానీ నమూనాలు చాలవు, ఇంకా సేకరించి ఏడాదిలోగా మళ్ళీ ఇవ్వండి అన్నారు. అన్యాయంగా అనలేదు, ఆమె పరీక్షకురాలైనా అదే అనేది. అందుకే మరీ అలసటేసింది. తిట్టుకోడానికైనా ఒకరు ఉండాలి కదా మనిషికి!

"ఏటైనాదమ్మా?" అని మావగారు అడిగితే, "ఇంకొంచెం రాయమన్నారు" అంది. ఆయన "అలగా" అని చిట్టీలోకి తల దించుకున్నాడు. వీసం తక్కువ రెండు గురించి మళ్ళీ ఎత్తలేదు. మరిచిపోయాడు, అదే మేలు అనుకుంది.

గున్నమ్మే కబురు పంపింది. "మా మేనల్లుడు అప్పలసూరి ఇంకో పాత డ్రమ్ముకి అతుకేయించినాడు, పొగ గావాలంటే రాయే" అని. మళ్ళీ బస్సులు, మళ్ళీ పొగ. మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. పంపు పట్టుకుని నిలబడి, నేను దీన్ని ఎందుకు చేస్తున్నాను అని పైకే అనుకుంది ఒకసారి. బిళ్ళ నల్లబడగానే చెయ్యి దానంతటదే మూత బిగించింది.

రెండువేల పంతొమ్మిది దసరా వచ్చింది. పండుగనాడు పొద్దున్నే కొట్లోంచి మావగారి ఫోను. "నీ డబ్బా అట్టుకు రామ్మా. అన్నీ కడిగి పెట్టినాను."

కన్యాకుమారి సరేనని ఫోను పెట్టేసింది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. చెబితే ఏమవుతుంది? ఈ వయసులో ఆయన చేత్తో చేసిన పూజ ఆమె కొంప ముంచిందని తెలిస్తే, ఆ ముసలి ప్రాణం ఇంక కాటాకైనా మొక్కగలదా? వంటింట్లో అలాంటిదే ఇంకో బిస్కట్ల డబ్బా ఉంది. అందులోని పోపుగింజలు పళ్ళెంలో కుమ్మరించి, తుడిచి, మూత చుట్టూ టేపు వేసింది. పెద్దాయన్ని మోసం చేస్తున్నానని సిగ్గేసింది. అయినా పట్టుకెళ్ళింది.

కొట్లో కాటా, గల్లాపెట్టె, గోనెలు కుట్టే దబ్బనం, బస్తాలు లాగే కొక్కెం, కాలిక్యులేటరు వరసగా బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి. ఉపేంద్ర కొబ్బరికాయ పీచు వలుస్తున్నాడు. మావగారు డబ్బా అందుకున్నాడు. చేతిలో కొంచెం ఎత్తి చూశాడు. చెవి దగ్గర మెల్లిగా ఊపాడు. గలగల లేదు.

"ఖాళీ డబ్బాకి పూజేటమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "సరుకున్నది తే. మూత తియ్యనులే. నీళ్ళు సల్లను."

ఉపేంద్ర పీచు వలవడం ఆపి ఇద్దర్నీ చూశాడు.

"నీళ్ళు సల్లినారా అని నువ్వు ఆయేళ అడిగినావు సూడు," అన్నాడు ముసలాయన, డబ్బా మీది టేపుని గోటితో ఊరికే గీరుతూ. "వానకి తడిసిన పంచదార బస్తా ముందర నిలబడ్డ మొహాలు నా జన్మలో ఎన్ని సూడలేదు? నీ మొహం అలగే అయిపోనాది. నేను తడిపీసినానని అప్పుడే తెలిసిపోనాది."

"మరి అడగలేదేం మావయ్యా?"

"నువ్వు మంచి పని సేసినారు అన్నావు గదా. నా కోసం ఆ మాటన్నావు. మళ్ళీ అడిగితే నీ సేత ఇంకో అబద్ధం ఆడించినట్టవదా? ఏడాది బట్టి ముద్ద దిగినట్టు లేదు నాకు. పో, తే."

ఆమె ఇంటికి వెళ్ళి అసలు డబ్బా తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని, వీధిలో ఎవరు పలకరించినా ఆగకుండా. ఆయన దాన్ని కాటా పళ్ళెంలో పెట్టాడు. మూత మీద పొడి కుంకుమ చిటికెడంత అద్దాడు. పసుపు నీళ్ళ చెంబు తీసుకుని కాటా దండెకీ, గల్లాపెట్టెకీ, దబ్బనానికీ, కొక్కేనికీ మామిడాకుతో చల్లుకుంటూ వచ్చి, డబ్బా దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క చుక్క పడలేదు.

చెంబులో ఇంకా నీళ్ళున్నాయి. ఆయన అటూ ఇటూ చూసి, ఆకు నిండా ముంచి కోడలి తల మీద చల్లాడు.

"నువ్వు తడిస్తే ఏటీ అవదు గదా తల్లీ" అన్నాడు.

కన్యాకుమారి మొహం తుడుచుకోడానికి కొంగు అందుకుని, మళ్ళీ వదిలేసి, అలాగే నిలబడింది.